616 తెలిసినా 1848 రాసిన క్లాసు: ఒక కేస్ స్టడీ

గుంటూరులో ఒక ప్రైవేట్ హైస్కూలు, తొమ్మిదో తరగతిలో ఒక సెక్షన్. స్కూల్ కౌన్సెలర్‌గా ఆ సెక్షన్‌తో నేను చేసిన పని ఇది. పిల్లలను, టీచరును, స్కూలును గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అవసరమైన చోట మార్చాను. కొట్టడం, తిట్టడం లేని క్లాసులో కూడా క్రమశిక్షణ పిల్లలకు హాని చేయగలదు. ఆ హాని చాలాకాలం మంచి మార్కుల వెనక దాక్కుంటుంది. బెత్తం కనిపిస్తే అందరం మాట్లాడతాం. ఇక్కడ బెత్తం లేదు, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ఎనిమిదో తరగతిలోనే ఆ సెక్షన్‌కి అల్లరి క్లాసు అని పేరు పడింది. నలభై మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రుల్లో చిన్న వ్యాపారులు, మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళు, ప్రైవేట్ ఉద్యోగులు ఎక్కువ. ఫీజు కట్టడం తేలిక కాని ఇళ్ళు. కట్టిన డబ్బుకు ఫలితం కనపడాలని వాళ్ళు కోరుకోవడంలో తప్పు లేదు. ముందు ఏడాది పదో తరగతి రిజల్ట్స్ తగ్గడంతో మేనేజ్‌మెంట్ కూడా టెన్షన్‌లో ఉంది. జూన్‌లో స్కూలు తెరవగానే మ్యాథ్స్ సర్‌ని ఈ సెక్షన్‌కి క్లాస్ టీచర్‌గా వేశారు.

ఆయన మంచి టీచర్. మర్యాద కోసం రాస్తున్న మాట కాదిది. లెక్క అర్థం కాని పిల్లాడి పక్కన ఇంటర్వెల్లో కూర్చుని మళ్ళీ చెప్పే మనిషి. ఎవరి మీదా చెయ్యి ఎత్తరు. కొట్టకుండా క్లాసును దారిలో పెట్టాలని ఆయనే ఒక పద్ధతి తయారుచేశారు. క్లాసును వరుసలుగా విడగొట్టి ఒక్కో వరుసను ఒక టీమ్ చేశారు. ఒక్కరు హోమ్‌వర్క్ చేయకపోయినా వరుస మొత్తం నిలబడాలి. క్లాసులో మాట్లాడినా, ఆలస్యంగా వచ్చినా, పీరియడ్ మధ్యలో బాత్రూమ్‌కి వెళ్తానని అడిగినా వరుసకు పాయింట్లు పోతాయి. శనివారం ఎక్కువ పాయింట్లున్న వరుసకు బ్యాడ్జీలు. పొద్దున అటెండెన్స్‌కి ముందు అందరూ లేచి ‘ఒకే మాట, ఒకే బాట’ అనాలి. క్లాస్ లీడర్ మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం మన స్కూళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. ఇక్కడ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. ప్రతి వరుసలో ఒకరు ‘రిపోర్టర్’. ఆ రిపోర్టర్ ఎవరో సర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆటోలో ఎవరేం అన్నారు, బ్రాడీపేట ట్యూషన్లో ఎవరు కాపీ కొట్టారు అన్నవి కూడా చీటీల మీద వచ్చేవి.

రెండు మూడు నెలల్లో క్లాసు మారిపోయింది. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో మార్కులు పెరిగాయి. “మా వాడు లేపకుండానే లేస్తున్నాడు సర్” అని పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి అంటే మిగతావాళ్ళు తలలూపారు. పిల్లలకు కూడా ఇది నచ్చింది. ఏడాదిపాటు అల్లరి క్లాసు అని మాట పడ్డవాళ్ళకు ‘మాది బెస్ట్ సెక్షన్’ అని చెప్పుకునే అవకాశం మొదటిసారి దొరికింది. ఆ గర్వం నిజమైనదే. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మా దగ్గరకు వచ్చిన సమస్య

దసరా సెలవుల తర్వాత ఒక అబ్బాయిని నా దగ్గరకు పంపారు. ‘ఏకాగ్రత లేదు. రాయడంలో బాగా వెనకబడ్డాడు. క్లాసుతో కలవడు. లెర్నింగ్ డిజబిలిటీ ఉందేమో చూడగలరు’ అని కాగితం మీద రాసి ఉంది.

చదివించి చూశాను, బాగానే చదివాడు. నోటితో అడిగితే లెక్కలు చెప్పాడు. రాత మాత్రం చాలా నెమ్మది. ఏడో తరగతి నోట్సులు ఇంటి నుంచి తెప్పించుకున్నాను. అప్పుడూ నెమ్మదే, కానీ పూర్తిచేసేవాడు. ఈ ఏడాది ఆగస్టు నుంచి నోట్సులో పేజీలు సగంలో ఆగిపోయాయి. అంతకన్నా నన్ను ఆపింది ఇంకొకటి: ఆ నోట్సులో మూడు రకాల చేతిరాతలు ఉన్నాయి. వరుస పాయింట్లు పోకుండా పక్కవాళ్ళే అతని హోమ్‌వర్క్ రాసేస్తున్నారు.

ఆదివారం రాత్రి కడుపునొప్పి అంటాడని తల్లి చెప్పారు. డాక్టరు స్కానింగ్ తీయించి ఏమీ లేదన్నారు. దసరా సెలవుల్లో ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. వాటర్ బాటిల్ నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొస్తోంది. ఎందుకు తాగడం లేదని అడిగాను. “తాగితే బాత్రూమ్ వస్తుంది మేడమ్. అడిగితే వరుసకి పోతాయి.” అప్పటికే యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి మందులు వాడాడు.

వరుసలో పిల్లలతో విడివిడిగా మాట్లాడాను. ఇంటర్వెల్లో అతన్ని బయటికి పోనివ్వకుండా కూర్చోబెట్టి రాయిస్తారు. రాయడం అయ్యేదాకా లంచ్ బాక్సు తీయనివ్వరు. ఎవరూ దాచలేదు, ఎవరికీ సిగ్గు లేదు. “వాడి మంచికే మేడమ్” అన్నారు. వాళ్ళు నిజంగానే అలా అనుకుంటున్నారు. చెడ్డ పిల్లలైతే నాకు పని తేలికయ్యేది.

ఇక్కడ రెండు విషయాలను విడదీయాల్సి వచ్చింది. నెమ్మదిగా రాయడం అతనిది. దానికి పరీక్షలు చేయించాలి, సాయం చేయాలి. ఆ నెమ్మదితనాన్ని పక్కన కూర్చున్న అందరికీ నష్టంగా మార్చింది మాత్రం క్లాసులో పెట్టిన పద్ధతి. రిఫరల్ కాగితం మొదటిదాని గురించే అడుగుతోంది. దానికే జవాబు రాసి పంపితే, స్కూలు ఫైల్లో సమస్య అంతా ఒక పిల్లాడి పేరు మీద ఉండిపోతుంది.

నేను ఈ ఆలోచనలో ఉండగానే క్లాస్ లీడర్ అమ్మాయి వాళ్ళమ్మ ఫోన్ చేశారు. ఆ అమ్మాయి ఫస్ట్ ర్యాంకు. ఇంట్లో తమ్ముడి పేరుతో ఒక నోట్‌బుక్ పెట్టి, వాడు టీవీ చూసినప్పుడల్లా పాయింట్లు కోస్తోందట. ఒక రాత్రి ఏడుస్తూ కూర్చుంది. ఆటోలో తన ప్రాణ స్నేహితురాలు సర్ గురించి ఏదో జోక్ వేసింది. ఈ అమ్మాయి చీటీ రాసిచ్చింది. ఆ వరుసకు బ్యాడ్జీ పోయింది. “రాయకపోతే నేను సర్‌ని మోసం చేసినట్టు కదమ్మా” అని తల్లిని అడిగిందట.

ఇలాంటి పిల్ల గురించి ఏ స్కూలు నుంచీ రిఫరల్ రాదు. క్లాసులో అందరికన్నా వెనకబడ్డాడన్న అబ్బాయి, అందరికన్నా ముందున్న అమ్మాయి ఒకే పద్ధతి కింద నలుగుతున్నారు. దాంతో క్లాసునే కేసుగా తీసుకున్నాను.

1967లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, పాలో ఆల్టోలోని కబ్బర్లీ హైస్కూల్లో జరిగింది నాకు ఇక్కడ గుర్తొచ్చింది. అంతమంది జర్మన్లు నాజీల వెంట ఎలా నడిచారని పిల్లలు అడిగితే, రాన్ జోన్స్ అనే హిస్టరీ టీచర్ క్లాసులోనే చేసి చూపించడం మొదలుపెట్టాడు. నిటారుగా కూర్చోవాలి, జవాబు క్లుప్తంగా చెప్పాలి. తర్వాత నినాదాలు, సభ్యత్వ కార్డులు, నియమాలు తప్పినవాళ్ళ పేర్లు చెప్పే పిల్లలు. వారం తిరగకముందే అది చేయి దాటిపోయే స్థితికి వచ్చి ఆయనే ఆపేశాడు. దాన్ని పద్ధతి ప్రకారం జరిగిన పరిశోధన అనలేం. మనకు తెలిసింది ఎక్కువగా ఆయన చెప్పుకున్నది, ఆ పిల్లలు తర్వాత గుర్తుచేసుకున్నది. పిల్లలను అలా మభ్యపెట్టి పాఠం చెప్పడాన్ని నేను ఒప్పుకోను. కానీ ఒక విషయం మాత్రం గట్టిగా పనికొచ్చింది: ఆ పిల్లల్లో చాలామంది అందులోకి ఉత్సాహంగా వెళ్ళారు. మన సర్‌కి రాజకీయం లేదు, దురుద్దేశం లేదు. నినాదం, గుర్తు, రహస్యంగా పేర్లు చెప్పేవాళ్ళు, ఒకరి తప్పుకు అందరికీ శిక్ష అనే నాలుగూ ఒక గదిలో చేరితే, ఉద్దేశం ఎంత మంచిదైనా పిల్లలు ఒకరికొకరు కాపలాదారులవుతారు.

చేసి చూసినవి

ముందుగా చేసింది ఆ అబ్బాయికి వెసులుబాటు ఇప్పించడం. ఆరోగ్యం ఆగదు కాబట్టి బాత్రూమ్ విషయం అదే రోజు ప్రిన్సిపల్‌తో మాట్లాడాను. అతను ఎప్పుడైనా వెళ్ళొచ్చు, రాయడానికి ఎక్కువ టైమ్ ఉంటుంది అని ఒప్పించాను. ఇన్‌ఫెక్షన్ భయం తగ్గింది, మిగతా అంతా ముదిరింది. “వాడికేంటి స్పెషల్?” అన్న మాట మొదలైంది. అందరికీ ఒకే నియమం అని నేర్పిన గదిలో ఒక్కరికి ఇచ్చిన మినహాయింపు అతని మీద ఇంకో గుర్తు వేసింది. కొన్ని రోజులకు అతనే వచ్చి, “నాకు ఎక్స్‌ట్రా టైమ్ వద్దని చెప్పండి మేడమ్” అన్నాడు.

తర్వాత క్లాసు మొత్తానికి ఒక సెషన్ పెట్టాం. తోటివాళ్ళను బాధపెట్టడం గురించి మాట్లాడి, మీ క్లాసులో అలా ఎవరికైనా జరుగుతోందా అని అడిగితే, “నో మేడమ్” అని ఒకే గొంతు. చీటీలు ఇచ్చి పేరు లేకుండా రాయమన్నాం. వరుస చివరి నుంచి చీటీలు ముందుకు అందించుకుంటూ వచ్చారు, అంటే ప్రతి చీటీ పక్కవాళ్ళ చేతుల్లోంచి వచ్చింది. దాదాపు అన్నింట్లోనూ ‘అవర్ క్లాస్ ఈజ్ బెస్ట్ క్లాస్’. చీటీ అంటేనే ఎవరి మీదో ఫిర్యాదు అని అలవాటైన పిల్లలు వాళ్ళు. అంతమంది రాసిన మాట ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండటమే ఆ రోజు మాకు దొరికిన నిజమైన సమాచారం.

మేనేజ్‌మెంట్‌తో చట్టం మాట్లాడాను. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధిస్తుంది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. తొమ్మిదో తరగతిలో చాలామంది ఆ వయసు అంచునే ఉంటారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలూ చూపించాను. వందమంది, అంతకు మించి పిల్లలున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, అందరి ముందు అవమానించడం లాంటివి మానాలని అందులో ఉంది. “మేం ఎవర్నీ కొట్టడం లేదు, అవమానించడమూ లేదు మేడమ్. పాయింట్లు తీస్తున్నాం, అంతే” అన్నారు ప్రిన్సిపల్. నేను చట్టం ఎత్తానన్న సంగతి సర్ చెవిన పడి, ఆయన నాతో మాట్లాడటం తగ్గించారు. చట్టం తలుపు తీయించగలదు. లోపల పద్ధతి మారాలంటే మాత్రం ఆ పద్ధతిని పెట్టిన మనిషికి అది ఎందుకు మారాలో తెలియాలి. ఆయన క్లాసులో వెనక కూర్చోవడానికి అనుమతి అడిగాను. తీర్పు చెప్పడానికి రావడం లేదని, పిల్లలకు ఏది కష్టంగా ఉందో చూస్తానని చెప్తే ఒప్పుకున్నారు.

1848

ఆ రోజు శంకువు ఘనపరిమాణం చెప్తున్నారు. వ్యాసార్థం 7 సెంటీమీటర్లు, ఎత్తు 12. అంతకుముందు పీరియడ్లో స్థూపం చెప్పారు, ఆ ఊపులో శంకువుకి అందులో మూడోవంతే తీసుకోవాలన్నది మర్చిపోయారు. 22/7ని 49తో, 12తో గుణించి బోర్డు మీద 1848 అని రాశారు. సరైన జవాబు 616. ఎంత మంచి టీచరుకైనా జరిగేదే. సూత్రం రెండు నిమిషాల ముందే ఆయనే చెప్పారు, అది బోర్డు పైభాగాన ఉంది కూడా. “అర్థమైందా?” అన్నారు. “ఎస్ సర్.” “డౌట్స్?” “నో సర్.” నలభై పైచిలుకు నోట్సుల్లో 1848 ఎక్కింది.

ఇంటర్వెల్లో ముందు బెంచీ అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. “తప్పని తెలుసు మేడమ్. చెప్తే మధ్యలో మాట్లాడినట్టు. వరుసకి పోతాయి.”

ఎవరు చెప్పారన్నది నేను సర్‌కి చెప్పలేదు. చెప్తే అది ఇంకో రిపోర్ట్ అవుతుంది. ఆ సాయంత్రం ఆయన ఎలాగూ దిద్దాల్సిన నోట్సులను స్టాఫ్ రూమ్‌లో కలిసి చూద్దామన్నాను. 1848ని ఆయనే పట్టుకుని నొచ్చుకున్నారు. చివరి పేజీలు కూడా తిప్పమన్నాను. పిల్లలు రఫ్ వర్క్ అక్కడే చేస్తారు. ఒక నోట్సులో పెన్సిల్‌తో చిన్నగా 616. ఇంకోదాంట్లో 616 వేసి కొట్టేసి ఉంది. అలాంటివి మరికొన్ని. వాటిలో ఆ నెమ్మదిగా రాసే అబ్బాయిది కూడా ఉంది.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “వీళ్ళకి వచ్చు. నాకు చెప్పలేదు” అన్నారు చివరికి. నా వాదన వినడానికి ఇష్టపడని మనిషి మ్యాథ్స్ టీచర్‌గా దీన్ని భరించలేకపోయారు. పిల్లలు బాధపడుతున్నారని నేను చెప్పినప్పుడు అది ఆయన మీద నిందలా వినిపించింది. ఇక్కడ మాత్రం ఆయనకు అన్నిటికన్నా ముఖ్యమైనదే, సరైన జవాబే, ఆయన ముందు దాక్కుంది. అలా ఎందుకు దాక్కుందన్న ప్రశ్న కూడా ఆయనే అడిగారు.

అప్పుడు సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగం గురించి చెప్పాను. 1951లో అమెరికాలో ఆష్ మనుషులను గుంపుగా కూర్చోబెట్టి, ఒక గీత పొడవు మూడు గీతల్లో దేనితో సమానమో చెప్పమన్నాడు. గుంపులో ఒక్కరు తప్ప అందరూ ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్పేవాళ్ళే. కళ్ళెదుట సరైనది కనిపిస్తున్నా, దాదాపు నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పు చెప్పారు. మాకు పనికొచ్చిన భాగం ఆ తర్వాతది. గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెప్తే చాలు, ఆ లొంగిపోవడం బాగా పడిపోయింది. కాబట్టి పిల్లలను ధైర్యంగా ఉండమని చెప్పడం కన్నా, ప్రతి పిల్లకూ రెండో మనిషి తోడు దొరికేలా చూడటం మేలని ఇద్దరం అనుకున్నాం.

పనిచేసినవి

వరుసకు శిక్ష తీసేశారు. రిపోర్టర్లు ఉండరని, ఇంతవరకు రాసినవాళ్ళ తప్పేమీ లేదని, అది తను పెట్టిన పని అని సర్ స్వయంగా క్లాసులో చెప్పారు. నేను చెప్తానంటే ఆయన వద్దన్నారని కాదు, అసలు నేనే ఆ గదిలోకి వెళ్ళలేదు. బయటి మనిషి వచ్చి సర్ నియమాన్ని రద్దు చేస్తే పిల్లలు సర్ పక్షాన నిలబడతారని నా అంచనా. ప్రకటించాక కూడా చీటీలు చాలా రోజులు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ ఆయన చదవకుండా తిరిగిచ్చారు. ఆ తిరిగివ్వడమే పిల్లలు నమ్మారు, ప్రకటనను కాదు.

అబ్బాయికి ఇచ్చిన వెసులుబాటు అందరికీ చేశాం. తలుపు దగ్గర ఒక పాస్ కట్టారు, తీసుకుని వెళ్ళిరావడమే, అడగక్కర్లేదు. రాయడానికి ఇంకో ఐదు నిమిషాలు కావాలన్న ఎవరికైనా ఇస్తారు. మొదటి వారం చాలామంది తీసుకున్నారు, తర్వాత తగ్గారు. ఆ అబ్బాయి తీసుకున్నా ఎవరూ తల తిప్పి చూడలేదు.

అన్నిటికన్నా బాగా పనిచేసింది సర్ ఆలోచనే. రోజూ ఇద్దరికి ‘చెకింగ్ డ్యూటీ’. బోర్డు మీద సర్ రాసిన దాంట్లో తప్పు వెతకడం వాళ్ళ పని. ఇద్దరే ఎందుకంటే ఒక్కరైతే మళ్ళీ ఒంటరి. మధ్యమధ్య ఆయన కావాలనే తప్పు రాస్తారు. తప్పు పట్టడం అల్లరి కాదు, ఆ రోజు వాళ్ళకిచ్చిన బాధ్యత. దాంతో పాటు, ఎవరైనా జవాబు పైకి చెప్పేముందు అందరూ ముందు కాగితం మీద రాయాలి. ముందు బెంచీ గొంతు వినకముందే వెనక బెంచీ తన జవాబు వేసుకుంటుంది.

దీని వెల కూడా రాయాలి. క్లాసులో గోల తిరిగొచ్చింది. తర్వాతి పరీక్షలో కొందరి మార్కులు తగ్గాయి. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ‘డిసిప్లిన్ పోయింది’ అని మెసేజీలు. ప్రిన్సిపల్ పాత పద్ధతి మళ్ళీ పెట్టమన్నారు. సంక్రాంతి తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో సర్ 1848 సంగతి తల్లిదండ్రులకు తనే చెప్పి, “ఆ రోజు క్లాసు చాలా నిశ్శబ్దంగా ఉందండీ” అన్నారు. లీడర్ అమ్మాయి వాళ్ళమ్మ లేచి ఇంట్లో తమ్ముడి నోట్‌బుక్ సంగతి చెప్పారు. చెప్పమని నేను అడగలేదు. ఇంకో తల్లి తన కూతురు కూడా నీళ్ళు తాగడం లేదని అన్నారు. ఏడాది చివరి దాకా ఆగి చూద్దామని మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది.

ఏడాది చివరికి మార్కులు పాత పద్ధతి నాటి స్థాయికి దగ్గరగా వచ్చాయి, దాన్ని దాటలేదు. అబ్బాయికి ఆదివారం కడుపునొప్పి తగ్గింది. రాత ఇప్పటికీ నెమ్మదే. దానికి విడిగా స్పెషలిస్టు దగ్గరకు పంపాం. వరుసలో ఒకడు అతనికి స్నేహితుడయ్యాడు, మిగతావాళ్ళు మామూలుగా ఉంటున్నారు. లీడర్ అమ్మాయికి ఎక్కువ కాలం పట్టింది. లీడర్‌షిప్ వదిలేసింది. “సర్ చెప్పినట్టే చేశాను కదా మేడమ్, మరి నేను మంచి దాన్నా, కాదా?” అని అడిగింది. పెద్దవాళ్ళు చెప్పినది చేసిన పిల్ల మీద భారం వేయకూడదు. అలాగని స్నేహితురాలికి తగిలిన దెబ్బ లేనట్టు మాట్లాడకూడదు. నీకిచ్చిన పని మంచిది కాదు, నీకు ఆ రాత్రి ఏడుపొచ్చిందంటే నీకా విషయం అప్పుడే తెలుసు అని చెప్పాను. స్నేహితురాలితో మాటలు కలిశాయి, పాత చనువు రాలేదు.

తోటి కౌన్సెలర్లకు

‘క్లాసుతో కలవడు’ అని రిఫరల్ వస్తే, ఆ క్లాసు ఎలా కలిసి ఉంటోందో ముందు చూడండి. నీళ్ళ గురించి, బాత్రూమ్ గురించి అడగండి. చిన్న ప్రశ్నలే, కానీ భయం గురించి నేరుగా అడిగితే చెప్పని పిల్లలు వీటికి జవాబు చెప్తారు. పేరు లేని చీటీలు తీసుకుంటే ఒక్కొక్కరూ మడిచి మీ చేతిలోనే వేయాలి, వరుసగా అందించుకోకూడదు. బాగా చదివే పిల్లలను, లీడర్లను కూడా పిలిచి మాట్లాడండి. వాళ్ళను ఎవరూ పంపరు.

టీచరును దోషిగా నిలబెట్టడానికి తొందరపడకండి. ఈ సర్ చదువుకున్నది ఇక్కడి రెసిడెన్షియల్ కాలేజీల్లోనే. ర్యాంకు, నిశ్శబ్దం, నిఘా కలిపి చదువు అని ఆయనకు నేర్పింది మనమే. ఆయన దాంట్లోంచి బెత్తాన్ని తీసేశారు, అది చిన్న విషయం కాదు. మిగతాది కూడా తీయగలరని నమ్మినందువల్లే ఈ కేసు కదిలింది.

అదే స్కూల్లో ఇంకో రెండు సెక్షన్లు సర్ పాత పద్ధతిని చూసి మొదలుపెట్టాయి, ఇంకా నడుపుతున్నాయి. వాటిలో మార్కులు బాగున్నాయి, ఫిర్యాదు లేదు. జూన్‌లో స్కూలు తెరిచేలోపు వరుసకు శిక్ష, రహస్య చీటీలు అన్ని సెక్షన్లలోనూ ఆపాలని మేనేజ్‌మెంట్‌కి రాసిచ్చాను. సర్ కూడా దానిమీద సంతకం పెట్టారు. జవాబు ఇంకా రాలేదు. ఆ రెండు సెక్షన్ల క్లాస్ టీచర్లను ఆయన ఈలోగా తన క్లాసులో వెనక కూర్చోమని పిలుస్తున్నారు.